ఫిడేలుకి ఆరోగ్యం ఏమిటి? చైనీస్ మాట్లాడేవాళ్ళకి ‘ఫిట్ యాజ్ ఎ ఫిడిల్’ నేర్పడం గురించి

టీచర్:

నమస్కారం అండీ. ఒక ఇంగ్లీషు పలుకుబడి విషయంలో గ్రూపు సాయం కావాలి.

నేను పెద్దవాళ్ళకి ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతాను. ఇప్పుడున్న తరగతిలో అందరి మాతృభాషా చైనీసే. కొందరు చెంగ్దూ నుంచి, కొందరు తైపే నుంచి చేరతారు. ఆరోగ్యం మీద ఉన్న పాఠంలో ‘ఫిట్ యాజ్ ఎ ఫిడిల్’ వచ్చింది. మనిషి ఏ నలతా లేకుండా, పూర్తి ఆరోగ్యంతో హుషారుగా ఉన్నాడని అర్థమని చెప్పాను. అక్కడిదాకా బాగానే ఉంది. ఒకావిడ మాత్రం, ‘ఫిట్ అంటే ఆరోగ్యం. ఫిడిల్ అంటే వాయించే వాద్యం. మరి వాద్యానికి ఆరోగ్యం ఏమిటి?’ అని అడిగారు.

ఈలోగా మిగతావాళ్ళు తమ భాషలో సరిపోయే మాటలు వెతికారు. ఒకరు ‘షెంగ్ లుంగ్ హువో హు’ అన్నారు. సజీవమైన డ్రాగన్, సజీవమైన పులి అని దాని అర్థమట. ఇంకొకరు, ‘ఎద్దంత బలంగా అనే మాట మాకూ ఉంది, ఇదీ అదీ ఒకటే’ అన్నారు. నేను ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. వచ్చే తరగతిలో దీన్ని మళ్ళీ ఎత్తుకోవాలి. ఆవిడ ప్రశ్నకి ఏం చెప్పాలి? ఆ రెండు చైనీస్ మాటలూ దీనికి సరిపోతాయా?

ఇంగ్లీషు సాహిత్యం చదివిన సభ్యుడు:

టీచర్ గారూ, ఆవిడ చాలా మంచి ప్రశ్న అడిగారు. దాన్ని వదిలెయ్యకుండా ఇక్కడికి తెచ్చినందుకు మీకు కృతజ్ఞతలు. ఆ ప్రశ్నలో మొదటి వాక్యాన్ని కొంచెం సవరిస్తే చిక్కు విడిపోతుంది. ఈ పలుకుబడి పుట్టిన రోజుల్లో ఫిట్ అంటే ఆరోగ్యం కాదు.

విలియం హాటన్ అనే నాటకకర్త 1598లో లండన్ రంగస్థలం కోసం ఒక హాస్యనాటకం రాశాడు. అది 1616లో అచ్చయింది. ‘నిజంగా భలేగా ఉంది, యాజ్ ఫిట్ యాజ్ ఎ ఫిడిల్’ అనే మాట అందులో ఉంది. అక్కడ ఎవరి ఒంటి సంగతీ కాదు. అంతకుముందు 1603లో అచ్చయిన ఇంకో పుస్తకంలో, ముస్తాబై మెట్లు దిగి వస్తున్న ఒక దాదిని ‘ఫైన్ యాజ్ ఎ ఫార్దింగ్ ఫిడిల్’ అన్నారు. ఫార్దింగ్ అంటే పెన్నీలో నాలుగో వంతు నాణెం. అక్కడ చెప్పింది సొగసు గురించి. అంటే ఆ కాలంలో జనం ఏదైనా చక్కగా, ముచ్చటగా అమరిందని చెప్పడానికి ఫిడేలుతో పోల్చేవాళ్ళన్నమాట.

అప్పటి ఇంగ్లీషులో ‘ఫిట్’ అంటే తగినది, అమరినది, పనికి సిద్ధంగా ఉన్నది. ఈ అర్థం ఇప్పటికీ పోలేదు. చొక్కా ఫిట్ అయిందంటాం, ఫలానా ఉద్యోగానికి ఆయన ఫిట్ అంటాం. ఒంటి దారుఢ్యం అనే అర్థం 19వ శతాబ్దంలో గుర్రప్పందేల, ఆటల పోటీల మాటల్లోంచి బయటికి వచ్చింది. పందేనికి తయారుగా ఉన్న గుర్రం ఫిట్, పోటీకి తయారుగా ఉన్న ఆటగాడు ఫిట్. అక్కడినుంచి మామూలు మనిషి ఆరోగ్యానికీ ఆ మాట పాకింది. అప్పటికే రెండు వందల ఏళ్ళు దాటి జనం నోళ్ళలో ఉన్న పలుకుబడి కూడా ఆ కొత్త అర్థం వైపు జరిగింది. అందులో ఉన్న మాటలు ఒక్కటీ మారలేదు, ‘ఫిట్’ అనే మాట లోపల ఉన్న అర్థం మారింది.

ఇప్పుడు ఆవిడ ప్రశ్నకి వద్దాం. ఫిడేలుకి ఆరోగ్యం ఉండదు, కానీ అమరిక ఉంటుంది. నాలుగు తీగలు. ఆ రోజుల్లో అవి గొర్రె పేగులతో చేసినవి, గాలిలో తేమ మారితే చాలు స్థాయి మారిపోయేది. ప్రతిసారీ బిరడలు తిప్పి శ్రుతి చేసుకోవాలి. తీగల కింద బ్రిడ్జి కొంచెం ఒరిగినా పలుకు చెడిపోతుంది. కమాను బిగువు సరిగ్గా ఉండాలి. ఇవన్నీ కుదిరిన ఫిడేలు, ఎత్తి భుజాన పెట్టుకోవడమే ఆలస్యం, పలుకుతుంది. ‘ఫిట్’ అంటే అలా సిద్ధంగా ఉండడం. మీ తరగతిలో ముందు ఇది చెప్పి, ఆరోగ్యం సంగతి ఆ తర్వాత ఎత్తుకోండి.

మన భాషలో దీనికి సరిగ్గా సరిపడే మాట ఒకటుంది, అది గుర్తొస్తే నాకు చాలా సంతోషంగా ఉంటుంది. ‘కుదురు’. చొక్కా ఒంటికి కుదిరింది. సంబంధం కుదిరింది. రోగం కుదిరింది. మొదటి రెండింటిలో అమరడం, చివరిదానిలో నయమవడం. ‘వాడి రోగం కుదిరింది’ అని కోపంగా అనేటప్పుడు కూడా వెనక ఉన్న అర్థం నయమవడమే. అమరికనీ ఆరోగ్యాన్నీ ఒకే క్రియతో చెప్పుకుంటున్నాం మనం. ఇంగ్లీషు ‘ఫిట్’ నడిచిన దారి మన నాలుక మీద ముందే ఉంది.

పద్యాల మీద ఇష్టం ఉన్న సభ్యుడు:

చాలా వివరంగా చెప్పారు. ఒక్క మాట చేర్చనివ్వండి. శ్రుతి సంగతి బాగుంది కానీ, అసలు ఇది శబ్దం కోసం పుట్టిన జంట కాదా? ఫిట్, ఫిడిల్. రెండూ ‘ఫి’తోనే మొదలవుతాయి. ఇంగ్లీషువాళ్ళకి ఇలాంటివి బోలెడు. కూల్ యాజ్ ఎ కుకుంబర్, బిజీ యాజ్ ఎ బీ, రైట్ యాజ్ రెయిన్, గుడ్ యాజ్ గోల్డ్, డెడ్ యాజ్ ఎ డోర్‌నెయిల్. తలుపు మేకు చావడమేమిటని ఎవరూ అడగరు. మనకి యతి ఎలాగో వాళ్ళ పాత పద్యానికి ఈ మొదటి శబ్దాల పొత్తు అలాగ. పాత ఇంగ్లీషు పద్యం మొత్తం దాని మీదే నడిచింది. ఆ చెవి ఇప్పటికీ జనం మాటల్లో మిగిలింది.

ఇంగ్లీషు సాహిత్యం చదివిన సభ్యుడు:

మీరన్నది నిజం. పొత్తు లేకపోతే ఈ మాట నాలుగు వందల ఏళ్ళు నిలిచేది కాదు. ఒకే అర్థాన్ని ఫ్లూటుతోనో వీణతోనో చెప్పవచ్చు, కానీ ‘ఫిట్’ పక్కన ‘ఫిడిల్’ పలికినంత హాయిగా ఇంకేదీ పలకదు. అయితే శబ్దం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. ‘ఫి’తో మొదలయ్యే మాటలు ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయి. చేప ఉంది, వేలు ఉంది. ‘ఫిట్ యాజ్ ఎ ఫిష్’ అని జనం ఎందుకు పట్టుకోలేదు? ఫిడేలులో అమరిక అనే అర్థం కూడా ఉంది కాబట్టి. చెవీ అర్థమూ రెండూ ఒప్పుకున్న మాటే నిలుస్తుంది.

టీచర్ గారూ, ఈ శబ్దం పొత్తు గురించి మీ తరగతిలో తప్పకుండా చెప్పండి. చైనీస్‌వాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. ఒకే హల్లుతో మొదలయ్యే రెండక్షరాల మాటలని వాళ్ళు ‘షువాంగ్ షెంగ్’ అంటారు, అంటే జంట శబ్దం. ‘అన్నట్టుగా’ అనే అర్థం ఇచ్చే ‘ఫాంగ్ ఫు’ అలాంటి మాటే, అందులోనూ రెండూ ‘ఫ’ శబ్దాలే. ‘ఫాంగ్ ఫు’ని బోర్డు మీద రాసి పక్కనే ‘ఫిట్, ఫిడిల్’ రాయండి. ఇక ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.

చైనాలో వైద్యం చదివిన సభ్యురాలు:

ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. మన తెలుగు పిల్లలు చాలామందిలాగే నేనూ చైనాలోనే ఎంబీబీఎస్ చదివాను. చదువు ఇంగ్లీషులోనే అయినా, ఆస్పత్రి వార్డులో రోగులతో చైనీస్‌లోనే మాట్లాడాలి. అక్కడ నేర్చుకున్న మాట ఒకటి మీ ‘కుదురు’ పక్కన పెట్టాల్సిందే.

ఒంట్లో బాగోలేదని మర్యాదగా చెప్పాలంటే, సెలవు చీటీలో రాయాలంటే చైనీస్‌లో ‘షెన్ థీ బు షి’ అంటారు. షెన్ థీ అంటే ఒళ్ళు. బు అంటే కాదు, లేదు. ‘షి’ అంటే తగినది, అమరినది. మొత్తం కలిపితే ‘ఒళ్ళు అమరికగా లేదు’. మందుల డబ్బాల మీద కూడా, అసౌకర్యంగా అనిపిస్తే డాక్టరుని కలవండి అని చెప్పేచోట ఈ ‘బు షి’ కనిపిస్తుంది. సుఖంగా ఉండడానికి ‘షూ షి’, తగినట్టు ఉండడానికి ‘హ షి’. వీటన్నిటిలో ఉన్న షి ఒకటే, ఒకే అక్షరం. అంటే ‘ఫిట్ కాని ఒళ్ళు జబ్బు ఒళ్ళు’ అనే ఊహ వాళ్ళకి రోజూ నోట్లో నలిగేదే.

ఇంకోటి. వాద్యం శ్రుతి చేయడాన్ని ‘థియావ్ యిన్’ అంటారు. థియావ్ అంటే సరిచేయడం, సమంగా కుదర్చడం. జబ్బు తగ్గాక ఒంటిని మళ్ళీ దారిలో పెట్టుకోవడాన్ని ‘థియావ్ యాంగ్’ అంటారు, చైనా సంప్రదాయ వైద్యులు మందులతో, ఆహారంతో ఒంటిని సరిచేయడాన్ని ‘థియావ్ లీ’ అంటారు. హార్మోన్లు గాడి తప్పితే ‘షి థియావ్’, అంటే ఆ సమం పోయిందని. ఈ చివరి మాటలో ఉన్న ‘షి’ వేరే అక్షరం, పోగొట్టుకోవడం అని అర్థం. తెలుగు లిపిలో రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి చెబుతున్నాను. థియావ్ మాత్రం అన్నిటిలోనూ ఒకటే. తీగని సరిచేసే మాటా ఒంటిని సరిచేసే మాటా వాళ్ళకి ఒక్కటే. వార్డులో ఆ మాట ఎన్నో సార్లు విన్నాను, ఫిడేలు గురించి ఎప్పుడూ అనుకోలేదు.

ఇంగ్లీషు సాహిత్యం చదివిన సభ్యుడు:

డాక్టరు గారూ, మీరు చెప్పిన ‘షి’, ‘థియావ్’ రెండూ వింటే టీచర్ గారి విద్యార్థిని ప్రశ్నకి జవాబు వాళ్ళ భాషలోనే సిద్ధంగా ఉందని తెలుస్తోంది. ఆ ‘షి’ వెనక ఉన్న చరిత్ర చాలా పెద్దది, నాకు ఇష్టమైనది. కొంచెం పొడవైనా చెప్పాలి.

‘సర్వైవల్ ఆఫ్ ది ఫిటెస్ట్’ అనే మాటని హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో పుట్టించాడు. డార్విన్ తన పుస్తకం అయిదో కూర్పులో, 1869లో, దాన్ని తీసుకున్నాడు. అందులో ‘ఫిట్’ అంటే కండలు తిరిగినవాడు కాదు, పరిసరాలకి తగినవాడు. మనలో చాలామంది ఇప్పటికీ దాన్ని ‘బలవంతుడిదే రాజ్యం’ అని చదువుకుంటారు. చైనాకి పరిణామవాదాన్ని తీసుకెళ్ళిన యెన్ ఫు ఆ తప్పు చేయలేదు. ఆయన ఇంగ్లండులోని గ్రెనిచ్‌లో నౌకాదళ విద్య చదివినవాడు. టి. హెచ్. హక్స్‌లీ రచనని ‘థియెన్ యెన్ లున్’ పేరుతో అనువదించి 1898లో పుస్తకంగా తెచ్చాడు. ఆ పుస్తకం వల్ల చైనాలో వాడుకలోకి వచ్చిన నినాదం ‘షి జ షెంగ్ ట్సున్’. తగినవాడు బతుకుతాడు. ‘ఫిట్’కి అక్కడ నిలిచిన మాట మీరు చెప్పిన ఆ ‘షి’యే. బలానికీ ఆరోగ్యానికీ చైనీస్‌లో మాటలు లేక కాదు, అర్థం తెలిసి ఎంచుకున్నారు.

ఆ మాట ఒక తరాన్ని ఊపేసింది. షాంఘై బడుల్లో పిల్లలు తమ పేర్లే మార్చుకున్నారు. 1891లో పుట్టిన హూ హుంగ్ షింగ్ అనే కుర్రాడు అన్నగారి సలహాతో ‘షి’ని తన పేరులో చేర్చుకున్నాడు. అమెరికా చదువుకి స్కాలర్‌షిప్ పరీక్ష రాసిన 1910 నుంచి హూ షి అన్నదే ఆయన అధికారిక పేరు. 1917లో గ్రాంథికం వదిలి వాడుక భాషలో రాయాలని పిలుపునిచ్చిన హూ షి ఈయనే. గిడుగు వారి ఉద్యమం తెలిసిన మనకి ఆయన మీద ప్రత్యేకమైన ఆప్యాయత కలగడం సహజం.

టీచర్ గారూ, అందుకే నా సలహా ఇది. మీ విద్యార్థులందరికీ హూ షి పేరు తెలిసే ఉంటుంది. ఆ పేరులో ఉన్న అక్షరం బోర్డు మీద రాసి, ఇంగ్లీషు ‘ఫిట్’ మొదటి అర్థం ఇదే అని చెప్పండి. పక్కన ‘షెన్ థీ బు షి’ రాయండి. ఆ కింద ‘థియావ్ యిన్’, ‘థియావ్ యాంగ్’ రాయండి. ఆ తర్వాతే ఫిడేలు బొమ్మ చూపించండి. ఆరోగ్యం అని అర్థమిచ్చే ‘జియెన్ ఖాంగ్’ని మాత్రం మొదట్లో తేవద్దు. నిఘంటువులు దాంతోనే మొదలుపెడతాయి, అందుకే విద్యార్థికి ఫిడేలు అడ్డం పడుతుంది.

టీచర్:

చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. కోట్లమంది రోజూ వాడే అక్షరంలోనే జవాబు ఉందని నాకు తట్టనే లేదు. ఇక రెండో సందేహం. డ్రాగన్, పులి, ఎద్దు. వీటిని ఒప్పుకోవచ్చా? వాళ్ళు ఈ పలుకుబడిని ఎవరి గురించి వాడాలో కూడా తెలియాలి కదా.

చైనాలో వైద్యం చదివిన సభ్యురాలు:

డ్రాగన్, పులి మాట ఒంటి స్థితి కన్నా ఉత్సాహానికి సంబంధించింది. మైదానంలో దూకుతున్న ఆటగాళ్ళు, అల్లరి చేస్తున్న పిల్లలు, పనిలోకి దూకే కుర్రకారు. కదలిక కనిపించాలి. కుర్చీలో ప్రశాంతంగా కూర్చుని టీ తాగుతున్న ఎనభై ఏళ్ళ పెద్దమనిషిని అలా అంటే నప్పదు. ఎద్దు మాట కండబలానికి. దానికి ఇంగ్లీషులో ‘స్ట్రాంగ్ యాజ్ యాన్ ఆక్స్’ ఉండనే ఉంది, అక్కడ జత కలపండి.

‘ఫిట్ యాజ్ ఎ ఫిడిల్’ ఎక్కువగా వినిపించే సందర్భాలు రెండు. జబ్బు తగ్గి మళ్ళీ మామూలైన మనిషి గురించి. వయసు పైబడినా గట్టిగా ఉన్న మనిషి గురించి. రెండోదానికి చైనీస్‌లో నాకు తెలిసిన అచ్చమైన మాట ‘యింగ్ లాంగ్’. ముసలివాళ్ళకే వాడతారు. వార్డులో పెద్దాయన్ని పలకరిస్తూ ‘షెన్ జ గు యింగ్ లాంగ్’ (మీ ఒళ్ళూ ఎముకలూ ఇంకా గట్టిగా ఉన్నాయి) అంటే, ఆయన ముఖం వెలిగిపోతుంది. పాతికేళ్ళ కుర్రాణ్ణి మాత్రం అలా అనకూడదు. ఇంగ్లీషు మాటకి అంత కట్టుబాటు లేదు, కుర్రాడి గురించీ అనవచ్చు. ఆ తేడా చెప్పండి.

ఇంగ్లీషు సాహిత్యం చదివిన సభ్యుడు:

పెద్దవాళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి మా యువాన్ సంగతి కూడా. తూర్పు హాన్ రాజ్యంలో సేనాని. క్రీ.శ. 48లో దక్షిణాన తిరుగుబాటు అణచడానికి తనని పంపమని అడిగాడు. అప్పటికి అరవై రెండేళ్ళు. చక్రవర్తి గువాంగ్ వూ, పెద్దవాడివైపోయావని వెనకాడాడు. మా యువాన్ కవచం తొడుక్కుని గుర్రమెక్కి, జీను మీద నుంచి ఇటూ అటూ తేరిపార చూసి తానింకా పనికొస్తానని చూపించాడు. చక్రవర్తి నవ్వి, ‘ఎంత జుయె షువోగా ఉన్నాడీ పెద్దాయన!’ అన్నాడు. ఆ ‘జుయె షువో’ ఇప్పటికీ వయసు మీద పడినా చూపులో కళ తగ్గని వృద్ధుల గురించి రాతలో వాడే మాట. ‘ముసలితనంలో మరింత దృఢంగా’ అని అర్థమిచ్చే ‘లావ్ దాంగ్ యీ జువాంగ్’ కూడా మా యువాన్ నోటి నుంచి వచ్చిందే. ఆయన ఆ దండయాత్రలోనే మరుసటి ఏడాది కన్నుమూశాడు.

కొన్ని నిఘంటువులు ‘ఫిట్ యాజ్ ఎ ఫిడిల్’ ఎదురుగా ఈ జుయె షువోని పెడతాయి. అర్థం దగ్గరే, స్థాయి మాత్రం దూరం. జుయె షువో చదువుకున్నవాళ్ళ రాతలో ఉండే మాట, అక్షరాలు రాయడమే కష్టం. ఫిడిల్ మాట వంటింట్లో, వీధిలో, ఫోనులో వాడేది. అసలు ఇంగ్లీషులో ‘ఫిడిల్’ అంటేనే వయొలిన్‌కి ఇంట్లో చనువుగా పిలుచుకునే పేరు లాంటిది, జానపద పాటల మధ్య, నాట్యాల మధ్య వినిపించే పేరు. మనకి అలా కాదు. విజయనగరం ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ‘ఫిడేలు నాయుడు గారు’ అని ఎంతో గౌరవంగా పిలుచుకున్నాం, కాబట్టి తెలుగు చెవికి ఫిడేలులో చనువు కన్నా పెద్దరికమే ఎక్కువ వినిపిస్తుంది. చైనీస్‌లో ఫిడిల్‌కీ వయొలిన్‌కీ ‘షియావ్ థీ ఛిన్’ అనే ఒకే పేరు, అందులో ఈ చనువు లేదు. జనం మధ్య వాయించే రెండు తీగల ‘అర్ హు’ని ఇంగ్లీషువాళ్ళు చైనా ఫిడిల్ అంటారని గుర్తు చేస్తే ఆ ఛాయ అందుతుంది.

అన్నట్టు, ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బ్రిటన్ కుర్రకారు మాటల్లో ఉత్త ‘ఫిట్’ అంటే చూడ్డానికి ఆకర్షణీయంగా ఉన్న మనిషి. లండన్ వెళ్ళే విద్యార్థి తోటి ఉద్యోగిని ‘యూ ఆర్ ఫిట్’ అని మెచ్చుకుంటే ఇబ్బందిలో పడతాడు. పక్కన ఫిడిల్ చేరితే ఆ అర్థం రాదు.

పద్యాల మీద ఇష్టం ఉన్న సభ్యుడు:

మన మాటలు ఎవరూ ఎత్తలేదు. ‘గుండ్రాయిలా ఉన్నాడు’ ఉంది కదా. ఏ జబ్బూ అంటనివాడు. ‘నిక్షేపంగా ఉన్నాడు’ ఇంకా దగ్గర. నిక్షేపమంటే భద్రంగా పాతిపెట్టి దాచిన సొమ్ము. ఆయనకేం, నిక్షేపంగా ఉన్నాడు అన్నప్పుడు సొమ్ముకి ఆరోగ్యమేమిటని మనం ఆగం. చెక్కుచెదరకుండా ఉండడం అనే ఒక్క గుణం తీసుకుంటాం. ఫిడేలు నుంచి అమరిక అనే ఒక్క గుణం తీసుకున్నట్టే. జబ్బు తగ్గిన మనిషి గురించి ‘ఇప్పుడు నిక్షేపంగా ఉన్నాడు’ అని మనం అనే చోటల్లా ఇంగ్లీషు ఫిడిల్ సరిగ్గా కూర్చుంటుంది.

టీచర్:

నిక్షేపం అద్భుతమండీ. దాన్ని చైనీస్‌వాళ్ళకి చెప్పలేను కానీ, మా ఊళ్ళో తెలుగు పిల్లలకి చెప్పేటప్పుడు తప్పకుండా వాడుకుంటాను. చివరిగా, వాళ్ళు వాక్యంలో పెట్టేటప్పుడు ఎక్కడ తప్పుతారు? నా తరగతిలో ఒకరు ‘ఐ యామ్ వెరీ ఫిట్ యాజ్ ఫిడిల్’ అన్నారు. ఎందుకు అలా వస్తుంది?

చైనాలో వైద్యం చదివిన సభ్యురాలు:

అందులో రెండు తప్పులున్నాయి, రెండూ వాళ్ళ వ్యాకరణం నుంచి వచ్చినవే. చైనీస్‌లో ‘అతను ఆరోగ్యంగా ఉన్నాడు’ అనాలంటే మామూలుగా విశేషణం ముందు ‘హెన్’ అనే మాట వస్తుంది. విడిగా చూస్తే దాని అర్థం ‘చాలా’. వాక్యం నిలబడడానికే ఎక్కువగా వాడతారు, చాలా అనే ఒత్తు ఉండదు. ఆ అలవాటుతో ఇంగ్లీషులో ‘వెరీ’ దూరుతుంది. ‘ఫిట్ యాజ్ ఎ ఫిడిల్’లో ‘అత్యంత’ అనే అర్థం ముందే ఉంది, మళ్ళీ వెరీ పెట్టకూడదు. రెండోది ‘ఎ’ మింగేయడం. చైనీస్‌లో ఆర్టికల్స్ లేవు. మనకీ లేవు, మన పిల్లలూ మింగేస్తారు, కాబట్టి ఈ తప్పు దిద్దడం మీకు బాగా తెలిసిన పనే. కొందరు ‘ఈజ్’ కూడా వదిలేస్తారు, ‘హీ ఫిట్ యాజ్ ఎ ఫిడిల్’ అంటారు. ‘రాముడు మంచివాడు’ అని క్రియ లేకుండా చెప్పుకునే మనకి ఆ తప్పు ఎక్కడ పుట్టిందో ఇట్టే తెలుస్తుంది.

పలకడంలో ‘ఫిట్’ని సాగదీసి ‘ఫీట్’ అంటారు. మాండరిన్‌లో ఇంగ్లీషులో ఉన్నట్టు ఈ రెండు అచ్చుల తేడా లేదు. ‘ఫీట్’ అంటే పాదాలు అయిపోతుంది. పైగా మొదట చెప్పుకున్న శబ్దం పొత్తు కూడా సగం పోతుంది, ఎందుకంటే ఫిట్‌లోనూ ఫిడిల్‌లోనూ ఉన్నది ఒకే పొట్టి ‘ఇ’. రెండు మాటలూ ఒకే ఊపిరిలో పలికించండి. తెలుగులో ఇ, ఈ అనే తేడా మనకి ఓనమాల్లోనే వస్తుంది కాబట్టి, నేర్పేటప్పుడు మీ నోటి కదలిక చూసి వాళ్ళు పట్టుకుంటారు.

ఇంగ్లీషు సాహిత్యం చదివిన సభ్యుడు:

ఇంకో చిన్న సంగతి. వాళ్ళ నిఘంటువులో ఫిడిల్ ఎదురుగా వయొలిన్ అని ఉంటుంది కాబట్టి కొందరు ‘ఫిట్ యాజ్ ఎ వయొలిన్’ అనేస్తారు. పలుకుబడిలో మాట మార్చకూడదని ఒక్కసారి గట్టిగా చెప్పండి. చైనీస్ నాలుగక్షరాల నానుడిలో ఒక అక్షరం మారిస్తే ఎంత వింతగా ఉంటుందో వాళ్ళకి బాగా తెలుసు, ‘షెంగ్ లుంగ్ హువో హు’లో పులి తీసి పిల్లిని పెట్టమని అడగండి, వెంటనే ఒప్పుకుంటారు. మొదటి ‘యాజ్’ ఉన్నా లేకున్నా ఫరవాలేదు, రెండూ వాడుకలో ఉన్నాయి.

టీచర్:

సరేనండీ. ఇద్దరు విద్యార్థులు ఐఎల్ట్స్‌కి తయారవుతున్నారు. వ్యాసంలో ఇది రాయవచ్చా అని అడుగుతున్నారు.

ఇంగ్లీషు సాహిత్యం చదివిన సభ్యుడు:

వ్యాసంలో వద్దు. అక్కడ ‘ఇన్ గుడ్ హెల్త్’, ‘ఫిజికల్లీ యాక్టివ్’ లాంటివి రాయమనండి. మాట్లాడే పరీక్షలో కుటుంబం గురించి అడిగితే తాతగారి గురించో అమ్మమ్మ గురించో చెబుతూ ఒక్కసారి వాడితే సహజంగా ఉంటుంది. తొంభై ఏళ్ళు, ఇంకా రోజూ మార్కెట్‌కి నడిచి వెళ్తుంది, షీ ఈజ్ యాజ్ ఫిట్ యాజ్ ఎ ఫిడిల్. ఇలా ముందు ఒక నిజమైన వివరం చెప్పి ఆ తర్వాత పలుకుబడి వాడమనండి. వివరం లేకుండా ఉత్త పలుకుబడి వాడితే బట్టీ పట్టినట్టు వినిపిస్తుంది.

టీచర్:

గురువారం తరగతి ఉంది. హూ షి పేరుతో మొదలుపెడతాను. ఆవిడ ఏమన్నారో ఇక్కడే రాస్తాను.